ఇంటి లైనక్స్ సిస్టమ్‌లో స్పామ్ ఆగట్లేదా? రావాల్సిన మెయిల్ మాయమైందా? స్కోర్ మార్చే ముందు ఇవి చూడండి

స్పామ్ ఫిల్టర్ పెట్టుకున్నా లాటరీ మెయిల్స్, లోన్ మెయిల్స్ నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వస్తున్నాయి. రావాల్సిన మెయిల్ మాత్రం ఎంత వెతికినా కనిపించడం లేదు. ఇంట్లో లైనక్స్ సిస్టమ్ మీద సొంతంగా మెయిల్ ఫిల్టర్ నడుపుకునే వాళ్ల దగ్గర తరచూ వినిపించే కంప్లైంట్ ఇది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని.. ఫిల్టర్‌ని ఇంకా టైట్ చేయడం. అసలు తప్పు అక్కడే జరుగుతోంది.

ఖమ్మంలో మా బాబాయ్ ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. రిటైర్ అయ్యాక పాత డెస్క్‌టాప్ మీద లైనక్స్ వేసుకుని, మెయిల్స్ అన్నీ దాంట్లోకే దించుకుంటాడు. కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించిన వారం నుంచి స్పామ్ పెరిగింది. విసుగొచ్చి స్పామ్ స్కోర్ 5 నుంచి 2కి తగ్గించాడు. అంతటితో ఆగలేదు. స్పామ్ అని తేలిన మెయిల్ ఏ ఫోల్డర్‌కీ పోకుండా అక్కడికక్కడే డిలీట్ అయ్యేలా రూల్ రాసేశాడు. పది రోజుల తర్వాత నాకు ఫోన్. "ఏరా, చెల్లికి ఆఫర్ లెటర్ పంపామంటున్నారు కంపెనీ వాళ్లు. ఇక్కడ ఏమీ లేదు. నువ్వోసారి చూడు." చూస్తే నిజంగానే ఎక్కడా లేదు. జంక్‌లో లేదు, ట్రాష్‌లో లేదు. రిప్లై ఇవ్వాల్సిన గడువు అప్పటికే దాటిపోయింది. కంపెనీ వాళ్లు మళ్లీ పంపారు గానీ, చెల్లి జాయిన్ అవ్వాల్సిన బ్యాచ్ మారిపోయింది.

ఆ రోజు రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ వెతికితే తేలిన విషయాలే ఈ కథనం. ఒక మాట ముందే.. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మెయిల్ ఎక్కడ ఆగింది? ముందు అది తేల్చండి

ఇంటి సిస్టమ్‌కి వచ్చే మెయిల్ ఒకే ఫిల్టర్ దాటి రాదు. మొదటిది మీ మెయిల్ కంపెనీ ఫిల్టర్. అంటే జీమెయిల్ లాంటి సర్వీస్ తన దగ్గర పెట్టుకున్నది. రెండోది మీ లైనక్స్‌లో నడిచే స్పామ్‌అసాసిన్ లేదా బోగోఫిల్టర్. మూడోది మెయిల్ చదివే థండర్‌బర్డ్ లాంటి యాప్‌లో ఉండే సొంత జంక్ ఫిల్టర్. మామూలుగా ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందుకే మెయిల్ మాయమైతే ఎవరి మీద అనుమానపడాలో తెలియదు.

జీమెయిల్ నుంచి పాప్ పద్ధతిలో మెయిల్స్ దించుకుంటున్నారా? అయితే జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడినవి మీ సిస్టమ్‌కి అసలు రావు. ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో జీమెయిల్ ఓపెన్ చేసి స్పామ్ ఫోల్డర్ చూడాల్సిందే. అక్కడ 30 రోజులు దాటినవి వాటంతట అవే పోతాయి కాబట్టి ఈ చెక్ మొదట చేయడం మంచిది.

ఇంకో కేసు ఉంది. స్పామ్ కాదు, మంచిది కాదు, అసలు ఏ మెయిలూ రావట్లేదు అంటే అది ఫిల్టర్ సమస్య కాకపోవచ్చు. పర్సనల్ గూగుల్ అకౌంట్లలో మామూలు పాస్‌వర్డ్‌తో పాత మెయిల్ ప్రోగ్రామ్‌లు లాగిన్ అయ్యే వీలు 2022 మే 30 నుంచి తీసేశారు. ఫెచ్‌మెయిల్ వాడేవాళ్లు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది పెట్టాలి.

హెడర్ చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే

ఇన్‌బాక్స్‌లోకి దూరిన ఒక స్పామ్ మెయిల్ ఓపెన్ చేయండి. థండర్‌బర్డ్‌లో అయితే కంట్రోల్ నొక్కి యూ నొక్కితే మెయిల్ సోర్స్ మొత్తం కనిపిస్తుంది. అందులో 'ఎక్స్-స్పామ్-స్టేటస్' అనే లైన్ వెతకండి. ఆ లైన్ ఉందా లేదా అనేదే అసలు ప్రశ్న.

లైన్ అసలు లేకపోతే.. స్పామ్‌అసాసిన్ ఆ మెయిల్‌ని చూడనే లేదు. అలాంటప్పుడు స్కోర్లు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. లైన్ ఉంటే మాత్రం అందులో మూడు సంగతులు ఉంటాయి. మెయిల్‌కి పడిన స్కోర్ ఎంత, స్పామ్ అనడానికి కావాల్సిన స్కోర్ ఎంత, ఏయే టెస్టుల వల్ల ఆ స్కోర్ వచ్చింది. స్పామ్‌అసాసిన్‌లో డిఫాల్ట్ గీత 5.0. దానికి చేరితే స్పామ్, కింద ఉంటే మంచి మెయిల్. ఒక్కో టెస్టుకి కొన్ని పాయింట్లు కలుస్తాయి, కొన్నింటికి తగ్గుతాయి. పరీక్షలో మార్కుల్లాగే. కాకపోతే ఇక్కడ ఎక్కువ వస్తే ఫెయిల్.

చెల్లికి రెండోసారి వచ్చిన ఆఫర్ మెయిల్ హెడర్ చూస్తే స్కోర్ 2.6 మాత్రమే. 5 దగ్గరే గీత ఉండి ఉంటే అది దర్జాగా ఇన్‌బాక్స్‌లోకి వచ్చేది. ఇది మంచిదో చెడ్డదో తెలియట్లేదు అని ఫిల్టర్ చెప్పే 'బేయిస్ 50' టెస్టుకే 0.8 పడుతుంది. సబ్జెక్ట్ మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే ఇంకొంచెం. ఇలా చిల్లర చిల్లరగా పోగై 2 దాటేసింది. కంపెనీల హెచ్‌ఆర్ మెయిల్స్, కాలేజీ సర్క్యులర్లు, ఆస్పత్రి రిపోర్టులు చాలావరకు ఇలాగే ఉంటాయి. టెంప్లేట్ మెయిల్, బోలెడు లింకులు, ఒకేసారి వందల మందికి. చూడటానికి స్పామ్‌లాగే ఉంటాయి. అందుకే గీత 5 కంటే కిందికి లాగడం అంత ప్రమాదం.

ఫిల్టర్ ఆగిపోయినా చెప్పదు!

హెడర్‌లో ఆ లైన్ లేదంటే ఎక్కువసార్లు కారణం ఇదే. స్పామ్‌అసాసిన్‌ని రెండు ముక్కలుగా వాడతారు. వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండేది స్పామ్‌డీ. ఒక్కో మెయిల్‌ని పట్టుకెళ్లి దానికి ఇచ్చేది స్పామ్‌సీ. స్పామ్‌డీ ఆగిపోయిందనుకోండి.. స్పామ్‌సీ ఎర్రర్ ఇచ్చి గోల చేయదు. మెయిల్‌ని ఉన్నదున్నట్టు ఇన్‌బాక్స్‌కి పంపేస్తుంది. మెయిల్ పోకూడదని అలా డిజైన్ చేశారు, మంచిదే. కానీ ఫిల్టర్ చచ్చిపోయిన సంగతి మనకి మాత్రం తెలియదు.

'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ స్పామ్‌డీ' అని కొట్టి చూడండి. నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. డెబియన్ 12కి అప్‌గ్రేడ్ అయినవాళ్లు ఇక్కడ జాగ్రత్త. అంతకుముందు సర్వీస్ పేరు స్పామ్‌అసాసిన్ అని ఉండేది. డెబియన్ 12లో స్పామ్‌డీని విడి ప్యాకేజీ చేశారు, సర్వీస్ పేరూ మారింది. అప్‌గ్రేడ్ తర్వాత స్పామ్ పెరిగిందంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోవాలి.

స్పామ్‌డీ నడుస్తున్నా కొన్ని మెయిల్స్‌కే ఆ లైన్ లేదంటే సైజు చూడండి. 500 కేబీ దాటిన మెయిల్‌ని స్పామ్‌సీ డిఫాల్ట్‌గా చెక్ చేయించదు. పెద్ద బొమ్మో, పీడీఎఫ్ ఫైలో అంటించి పంపే స్పామ్ ఈ సందులోంచి దూరుతుంది. మైనస్ ఎస్ ఆప్షన్‌తో ఆ పరిమితి పెంచుకోవచ్చు గానీ పాత సిస్టమ్ అయితే కాస్త నెమ్మదిస్తుంది.

ప్రాక్‌మెయిల్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. దాని రూల్స్ పై నుంచి కిందికి వరుసగా నడుస్తాయి. స్పామ్ మెయిల్‌ని జంక్‌లో వేయి అనే రూల్ పైన, స్పామ్‌సీకి పంపు అనే రూల్ కింద ఉంటే.. మార్కు పడకముందే చెక్ చేసినట్టు అవుతుంది. ఎప్పటికీ పట్టుకోదు. అలాగే ఆ రూల్స్ ఫైల్‌ని మీరు తప్ప ఇంకెవరైనా రాయగలిగేలా పర్మిషన్లు ఉంటే ప్రాక్‌మెయిల్ దాన్ని నమ్మదు, పక్కన పెట్టేస్తుంది.

అన్నీ బాగున్నాయా అని ఒక్క దెబ్బతో తెలుసుకోవాలంటే జీట్యూబ్ టెస్ట్ ఉంది. ఇది ఒక ప్రత్యేకమైన అక్షరాల వరుస. ఏ మెయిల్‌లో ఉన్నా స్పామ్‌అసాసిన్ దానికి 1000 పాయింట్లు వేస్తుంది. స్పామ్‌అసాసిన్‌తో పాటు వచ్చే శాంపిల్ స్పామ్ ఫైల్‌లో ఈ వరుస ఉంటుంది. దాన్ని కాపీ చేసి, వేరే మెయిల్ అకౌంట్ నుంచి మీకు మీరే పంపుకోండి. కాకపోతే పంపే కంపెనీయే మధ్యలో ఆపేసే అవకాశం ఉంది. అప్పుడు శాంపిల్ ఫైల్‌ని నేరుగా స్పామ్‌సీకి ఇచ్చి చూడొచ్చు.

బాబాయ్ ఇంట్లో అసలు దొంగ దొరికింది ఇక్కడే

ఇంతకీ ఫైబర్ కనెక్షన్‌కి, స్పామ్‌కి లింకేంటి? నాకూ మొదట అర్థం కాలేదు. ఒక స్పామ్ మెయిల్ హెడర్‌లో టెస్టుల వరుసలో 'యూఆర్‌ఐబీఎల్ బ్లాక్డ్' అని కనిపించింది. చాలామంది దీన్ని చూసి ఏదో స్పామ్ లింక్‌ని బ్లాక్ చేసిందిలే అనుకుంటారు. అర్థం సరిగ్గా ఉల్టా. బ్లాక్ అయింది మనం!

విషయం ఏంటంటే.. స్పామ్ పంపే అడ్రస్‌లు, మోసపు లింకుల జాబితాలు కొన్ని సంస్థలు తయారుచేస్తుంటాయి. స్పామ్‌హాస్, యూఆర్‌ఐబీఎల్ అలాంటివే. మెయిల్ రాగానే స్పామ్‌అసాసిన్ డీఎన్‌ఎస్ ద్వారా వాటిని అడుగుతుంది.. ఈ అడ్రస్ మీ జాబితాలో ఉందా అని. ఇంటి వాడకం లాంటి చిన్న వాడకానికి ఫ్రీ. కానీ ఒకే చోటు నుంచి లక్షల ప్రశ్నలు వస్తే జవాబు ఆపేస్తారు. గూగుల్ వాళ్ల 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్‌ఎస్ వాడితే మన ప్రశ్న కూడా ఆ లక్షల గుంపులో కలిసే వెళ్తుంది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే డీఎన్‌ఎస్ అయినా అంతే. ఎక్కువమంది వాడేది కాబట్టి దానికీ జవాబు ఆగిపోవచ్చు.

బాబాయ్ ఇంట్లో కొత్త రూటర్‌లో 8.8.8.8 పెట్టి ఉంది. పాత కనెక్షన్‌కి ఆ సమస్య లేదు. రూటర్ మారిన రోజు నుంచి ఫిల్టర్‌కి ఒక కన్ను పోయింది. స్పామ్‌కి పడాల్సిన పాయింట్లు పడటం మానేశాయి. బాబాయ్‌కి కనిపించింది స్పామ్ పెరగడం ఒక్కటే. అందుకే స్కోర్ తగ్గించాడు.

మీ దగ్గరా ఇదే ఉందేమో తెలుసుకోవడానికి ఒక టెస్ట్. టెర్మినల్‌లో 'హోస్ట్' అని కొట్టి, పక్కన 2.0.0.127 డాట్ జెన్ డాట్ స్పామ్‌హాస్ డాట్ ఆర్గ్ అని ఇవ్వండి. ఇది ఎప్పుడూ జాబితాలో ఉండే టెస్ట్ అడ్రస్. 127.0.0.2 లాంటి జవాబులు వస్తే అంతా ఓకే. ఏమీ దొరకలేదన్నా, 127.255.255.254 అని వచ్చినా మీ డీఎన్‌ఎస్‌ని వాళ్లు ఒప్పుకోవడం లేదని అర్థం. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. సొంతంగా పోస్ట్‌ఫిక్స్ సర్వర్ నడుపుతూ, ఏ జవాబు వచ్చినా మెయిల్ తిప్పికొట్టు అని రాసుకున్నవాళ్లకి.. ఈ 127.255.255.254 వల్ల మంచి మెయిల్స్ అన్నీ వెనక్కి పోతాయి.

దీనికి మందు అన్‌బౌండ్ అనే చిన్న ప్రోగ్రామ్. మీ సిస్టమ్‌లోనే డీఎన్‌ఎస్ పని చేస్తుంది. ఎవరి గుంపులోనూ కలవకుండా మీ ఇంటి ప్రశ్నలు మీ పేరు మీదే వెళ్తాయి. ఇన్‌స్టాల్ చేశాక స్పామ్‌అసాసిన్ సెట్టింగ్స్ ఫైల్ 'లోకల్ డాట్ సీఎఫ్'లో 'డీఎన్‌ఎస్ అండర్‌స్కోర్ సర్వర్' అని రాసి, స్పేస్ ఇచ్చి 127.0.0.1 అని పెడితే సరిపోతుంది. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీల డీఎన్‌ఎస్ ముట్టుకోనక్కర్లేదు. ఒక్కటే షరతు.. అన్‌బౌండ్ మళ్లీ 8.8.8.8కే ఫార్వర్డ్ చేసేలా ఉండకూడదు. అలా ఉంటే తిరిగి తిరిగి మొదటికే వచ్చినట్టు. ఉబుంటులో కనిపించే 127.0.0.53ని చూసి ఇది మన సిస్టమ్‌దే కదా అనుకోవద్దు. మామూలుగా అది ప్రశ్నని రూటర్‌కో, ఇంటర్నెట్ కంపెనీకో అందించేదే తప్ప సొంతంగా వెతకదు.

స్పామ్‌అసాసిన్ కాకుండా ఆర్‌స్పామ్‌డీ వాడేవాళ్లకి కమాండ్లు వేరు గానీ ఈ డీఎన్‌ఎస్ తలనొప్పి మాత్రం ఒకటే.

ఏళ్ల క్రితం రాసుకున్న జాబితాలు సెట్టింగ్స్‌లో అలాగే ఉంటే వాటినీ చూడండి. ఏహెచ్‌బీఎల్ అనే జాబితా మూతపడ్డాక, 2015 జనవరి 1 నుంచి అడిగిన ప్రతి అడ్రస్‌కీ ఉంది అనే జవాబు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంకా వాడుతున్నవాళ్లు తీసేయాలని అలా చేశారు. సోర్బ్స్ 2024 జూన్‌లో మూతపడింది. ఇలాంటి పేర్లు మీ ఫైల్‌లో ఉంటే తీసేయండి.

నేర్పించానంటారు.. ఎవరికి నేర్పించారు?

స్పామ్‌అసాసిన్‌లో బేయిస్ అనే భాగం ఉంది. ఏవి స్పామ్, ఏవి మంచివి అని మనం చూపిస్తే మాటల్ని బట్టి నేర్చుకుంటుంది. నేర్పే కమాండ్ 'ఎస్‌ఏ-లెర్న్'. బాబాయ్ నెలల తరబడి నేర్పించానన్నాడు. అబద్ధం కాదు. కానీ ప్రతిసారీ ముందు 'సుడో' పెట్టి కొట్టాడు!

సుడో పెడితే ఆ పని రూట్ యూజర్ పేరు మీద జరుగుతుంది. నేర్చుకున్నదంతా రూట్ ఖాతాలో దాచుకుంటుంది. మెయిల్ చెక్ చేసేటప్పుడు ఫిల్టర్ నడిచేది బాబాయ్ యూజర్ పేరు మీద. అది చూసేది బాబాయ్ ఖాతా. పక్కింటి పిల్లాడికి ట్యూషన్ చెప్పించి మనవాడు పరీక్ష పాస్ అవ్వలేదేంటి అన్నట్టుంది వ్యవహారం. ఇంట్లో లైనక్స్ వాడేవాళ్లు అందరూ చేసే తప్పే ఇది. ఏ కమాండ్ పని చేయకపోయినా సుడో పెట్టేయడం అలవాటైపోయింది మనకి.

చెక్ చేయడం సులువు. సుడో లేకుండా 'ఎస్‌ఏ-లెర్న్', స్పేస్, రెండు హైఫన్లు వెంటనే 'డంప్', స్పేస్, 'మ్యాజిక్' అని కొట్టండి. వచ్చే లైన్లలో 'ఎన్-స్పామ్', 'ఎన్-హామ్' పక్కన అంకెలు ఉంటాయి. హామ్ అంటే మంచి మెయిల్. రెండూ కనీసం 200 చొప్పున ఉండాలి. అంతవరకు బేయిస్ నోరు విప్పదు. స్పామ్ 900 నేర్పించి, మంచి మెయిల్స్ 40 నేర్పిస్తే కూడా పని చేయదు. ఎక్కువమంది స్పామ్ ఒక్కటే చూపించి వదిలేస్తారు. మంచి మెయిల్స్ కూడా చూపించాలన్న సంగతి మర్చిపోతారు.

అంకెలు సున్నాలుగా ఉన్నాయా? లేక పర్మిషన్ ఎర్రర్ వస్తోందా? పర్మిషన్ ఎర్రర్ అంటే మధ్యలో ఎప్పుడో రూట్‌గా నడిపినప్పుడు మీ ఫోల్డర్‌లోని ఫైల్స్ రూట్ సొంతం అయిపోయాయని అర్థం. 'సీహెచ్‌ఓన్'తో వాటిని మళ్లీ మీ పేరు మీదికి మార్చుకోవాలి.

థండర్‌బర్డ్ జంక్ ఫోల్డర్‌ని నేరుగా ఎస్‌ఏ-లెర్న్‌కి ఇచ్చేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. థండర్‌బర్డ్ డిఫాల్ట్‌గా ఫోల్డర్ మొత్తాన్ని ఒకే పెద్ద ఫైల్‌గా దాస్తుంది. దాన్ని ఎంబాక్స్ అంటారు. ఆ ఆప్షన్ చెప్పకుండా ఇస్తే వెయ్యి మెయిల్స్‌ని కలిపి ఒక్క మెయిల్ అనుకుంటుంది. 'ఒక్క మెసేజ్ నేర్చుకున్నా' అని రిజల్ట్ వస్తే అదే జరిగిందని లెక్క. రెండోది ఇంకా డేంజర్. జంక్‌లో పొరపాటున పడిన మంచి మెయిల్‌ని మీరు ఇన్‌బాక్స్‌కి మార్చినా, పాత కాపీ ఆ ఫైల్‌లోనే ఉంటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ కొట్టేదాకా పోదు. కాంపాక్ట్ చేయకుండా నేర్పిస్తే.. మీరు కాపాడిన మెయిల్‌నే స్పామ్ అని నేర్పినట్టు.

డీఎన్‌ఎస్ పాడైతే దాని ప్రభావం ఇక్కడిదాకా వస్తుంది. బేయిస్ తనంతట తాను కూడా నేర్చుకుంటుంది. చాలా తక్కువ స్కోర్, అంటే 0.1 కంటే కింద వచ్చిన మెయిల్‌ని మంచిది అనుకుని నేర్చుకుంటుంది. 12 దాటినదాన్ని స్పామ్ అనుకుంటుంది. జాబితాల టెస్టులు పని చేయక స్పామ్‌కి పాయింట్లు తగ్గినప్పుడు, అందులో కొన్ని 'మంచి మెయిల్' పేరుతో మెదడులోకి వెళ్లిపోతాయి. తర్వాత డీఎన్‌ఎస్ బాగుచేసినా కొన్నాళ్లు తేడాగా ఉండటానికి కారణం ఇదే. అప్పుడు తప్పుగా నేర్చుకున్న మెయిల్స్‌ని మళ్లీ స్పామ్‌గా చూపించాలి. మరీ పాడైపోయిందనిపిస్తే మొత్తం తుడిచి మొదటి నుంచి నేర్పించొచ్చు. తుడిచే ముందు 'బ్యాకప్' ఆప్షన్‌తో ఒక కాపీ తీసి పెట్టుకోండి.

తెలుగు మెయిల్స్ జంక్‌లో పడుతున్నాయా?

సెట్టింగ్స్‌లో 'ఓకే లాంగ్వేజెస్' అనే లైన్ ఉందేమో చూడండి. ఎక్కడో చూసి కాపీ చేసుకున్న ఫైల్స్‌లో అక్కడ ఇంగ్లీష్ ఒక్కటే రాసి ఉండే ఛాన్స్ ఉంది. భాష గుర్తుపట్టే ప్లగిన్ కూడా ఆన్‌లో ఉంటే, ఇంగ్లీష్ కాదని తేలిన మెయిల్‌కి అదనంగా పాయింట్లు పడతాయి. ఆ లైన్ తీసేయడమే మేలు. ఊరి నుంచి వచ్చే పెళ్లి పిలుపులు, సంఘం మెయిల్స్ కూడా మంచివాటిగా నేర్పించండి. బేయిస్ చూసింది ఇంగ్లీష్ ఒక్కటే అయితే తెలుగు మెయిల్‌ని అది అంచనా వేయలేదు.

నమ్మినవాళ్ల లిస్టు.. జాగ్రత్తగా!

ఫలానా అడ్రస్ నుంచి వస్తే వదిలేయి అని చెప్పే సౌకర్యం ఉంది. 4.0 వెర్షన్ నుంచి దీన్ని వెల్‌కమ్‌లిస్ట్ అంటున్నారు. మామూలుగా 'వెల్‌కమ్‌లిస్ట్ ఫ్రమ్' అని రాస్తే ఆ మెయిల్‌కి ఏకంగా మైనస్ 100 పాయింట్లు. ఇబ్బందేంటంటే ఫ్రమ్ అడ్రస్ ఎవరైనా దొంగగా రాయొచ్చు. బ్యాంకు అడ్రస్‌ని అందులో పెట్టారనుకోండి, బ్యాంకు పేరుతో వచ్చే మోసపు మెయిల్‌కి మీరే గేటు తెరిచినట్టు. అందుకే 'వెల్‌కమ్‌లిస్ట్ ఆథ్' వాడండి. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ చెక్ పాస్ అయితేనే, అంటే మెయిల్ నిజంగా అక్కడి నుంచే వచ్చిందని తేలితేనే వదులుతుంది.

థండర్‌బర్డ్‌లోనూ ఇదే బొక్క ఉంది. అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల మెయిల్‌ని జంక్ అనొద్దు అనే ఆప్షన్ ఉంటుంది. ఆ అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల పేరు దొంగగా పెట్టుకుని వచ్చే స్పామ్ హాయిగా లోపలికి వస్తుంది.

రూల్స్ పాతబడితే ఫిల్టరే శత్రువు

2010 జనవరి 1న ఏం జరిగిందో తెలుసా? స్పామ్‌అసాసిన్ 3.2లో ఒక రూల్ ఉండేది. మెయిల్ మీద తేదీ బాగా భవిష్యత్తులో ఉంటే అనుమానించాలి అని. ఆ రూల్‌లో 2010 నుంచి అన్నీ భవిష్యత్తే అని రాసి ఉంది. న్యూ ఇయర్ రాగానే మామూలు మెయిల్స్ అన్నింటికీ రెండు, మూడు పాయింట్లు అదనంగా పడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా మంచి మెయిల్స్ జంక్‌లోకి వెళ్లాయి. అదే రోజు రూల్ సరిచేసి అప్‌డేట్ ఇచ్చారు. కానీ అప్‌డేట్స్ తీసుకోని సిస్టమ్‌లకి అది చేరలేదు.

రూల్స్ తెచ్చే కమాండ్ 'ఎస్‌ఏ-అప్‌డేట్'. ఇది రోజూ దానంతట అది నడిచేలా ఉండాలి. కొత్త రూల్స్ లేకపోతే ఈ కమాండ్ 1 అనే కోడ్ ఇస్తుంది. ఫెయిల్ అయిందని కంగారు పడక్కర్లేదు. వెర్షన్ మరీ పాతదైతే మాత్రం కష్టం. 3.4.2 కంటే పాత వెర్షన్లకి 2020 మార్చి 1 నుంచి రూల్స్ రావడం ఆగిపోయింది. ఎప్పుడో వేసి మర్చిపోయిన పాత లైనక్స్ మీద నడుపుతుంటే, మీ ఫిల్టర్ అప్పటి స్పామ్‌నే వెతుకుతోందన్నమాట.

సెట్టింగ్స్ ఫైల్ మార్చిన ప్రతిసారీ 'స్పామ్‌అసాసిన్', స్పేస్, రెండు హైఫన్లు వెంటనే 'లింట్' అని కొట్టండి. తప్పుంటే చెప్తుంది, లేకపోతే ఏమీ అనదు. ఆ తర్వాత స్పామ్‌డీని రీస్టార్ట్ చేయాలి. లోకల్ డాట్ సీఎఫ్ మార్చి రీస్టార్ట్ చేయకపోతే పాత సెట్టింగ్సే నడుస్తుంటాయి. అరగంట తల బద్దలు కొట్టుకున్నాక గుర్తొచ్చింది నాకు ఈ సంగతి.

డిలీట్ రూల్ ఉంటే ఇప్పుడే తీసేయండి

ఇది వేరే ఏదీ చేయకపోయినా చేయాల్సిన పని. ప్రాక్‌మెయిల్ రూల్స్‌లో 'డెవ్ నల్' అనే మాట ఉందేమో వెతకండి. అక్కడికి వెళ్లిన మెయిల్ తిరిగి రాదు. ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తేలేదు. చెల్లి మెయిల్ అక్కడికే వెళ్లింది. ఆ విషయం కూడా ప్రాక్‌మెయిల్ లాగ్ ఆన్‌లో ఉండబట్టి తెలిసింది. ఎవరి నుంచి, సబ్జెక్ట్ ఏంటి, ఏ ఫోల్డర్‌లో వేసిందీ లాగ్‌లో ఉంటుంది. 'ఫోల్డర్' పక్కన డెవ్ నల్ అని చూడగానే బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డెవ్ నల్ బదులు జంక్ అనే ఫోల్డర్ పెట్టండి. డిస్క్ నిండుతుందని భయమైతే రెండు నెలలు దాటినవి తీసేసేలా పెట్టుకోండి. స్కోర్ 15 దాటిన వాటిని వేరే ఫోల్డర్‌లో వేస్తే, రోజూ చూడాల్సిన జంక్ చాలా చిన్నదవుతుంది. 5 నుంచి 8 మధ్య పడేవే జాగ్రత్తగా చూడాల్సినవి. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే.

ఇంటర్వ్యూలు, అడ్మిషన్లు, వీసా లాంటి వాటికి అప్లై చేసిన రోజుల్లో మూడు చోట్లా చూడాలి. మెయిల్ కంపెనీ స్పామ్ ఫోల్డర్, లైనక్స్ జంక్, మెయిల్ యాప్ జంక్. అలాగే, ఏదైనా మోసపు మెయిల్ నమ్మి డబ్బు పోగొట్టుకుంటే ఫిల్టర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రస్తుతం బాబాయ్ సిస్టమ్‌లో గీత మళ్లీ 5.0కి వచ్చింది. అన్‌బౌండ్ పెట్టిన రోజే స్పామ్‌లో చాలా భాగం ఆగింది. సుడో లేకుండా కొత్తగా నేర్పడం మొదలుపెట్టాడు. మంచి మెయిల్స్ 200 దాటడానికి మూడు వారాలు పట్టింది. చెల్లి మాత్రం ఉద్యోగం మెయిల్స్ అన్నీ వేరే అడ్రస్‌కి మార్చేసుకుంది, ఫోన్‌లోనే చూసుకుంటోంది.